ఉగ్గుగిన్నెల్లో పీచ్ కేకులు

నా చిన్నప్పుడు మా ఇంట్లో కేకు అనే మాటకే చోటు లేదు. అందులో గుడ్డు వేస్తారని మా అవ్వ బేకరీ ఉన్న వీధి మొగదల దాకా కూడా మమ్మల్ని పోనిచ్చేది కాదు. అవ్వ అంటే మా నాయనకు అమ్మ. అలాంటి మనిషి తన వంటింట్లో, తన చేతులతో, పీచ్ పండ్లు పెట్టి కేకులు కాల్చింది. జన్మలో ఒక్కసారే. ఇప్పుడు పీలమేడు అపార్టుమెంటులో మా మనవరాలు ప్రతి ఎండాకాలం అవే కేకులు చేస్తుంది. ఫోను చూసుకుంటూ కాగితపు కప్పుల్లో పిండి పోసి, ఒక్కోదాని మీద ఒక పండు ముక్క పెట్టి, కాలిన తర్వాత ఫొటోలు తీసి ఊరందరికీ పంపుతుంది. చివరికి నాకొకటి ఇచ్చి ఎట్లుందవ్వా అని అడుగుతుంది. బాగుందనే చెప్తాను. నిజంగానే బాగుంటుంది. తిన్న తర్వాత నాకు కాసేపు ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాదు, అంతే.

మాది కోయంబత్తూరు పాత పేట. మా పెద్దలు ఎప్పుడో ఎన్నో తరాల కిందట వచ్చి ఇక్కడ వ్యాపారం పెట్టుకున్నారు. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. ఇంట్లో తెలుగులో సగం అరవమేనని బంధువులు వెక్కిరిస్తారు, వెక్కిరించనీ. నాకప్పుడు ఎనిమిదో తొమ్మిదో ఏళ్లుంటాయి. ఆ ఎండాకాలం మా అమ్మకు కాన్పు. పుట్టింట్లో జరగాల్సిన కాన్పే గానీ మేట్టుపాళయంలో మా తాతయ్య ఒంటరివాడు, అమ్మమ్మ అప్పటికే లేదు. అందుకని మా ఇంట్లోనే అనుకున్నారు. నొప్పులు మొదలయ్యాక అమ్మకు ఫిట్స్ వచ్చాయి. హడావిడిగా ఆసుపత్రికి తీసుకుపోయారు. తమ్ముడు పుట్టాడు. ఆ సాయంత్రమే పోయాడు. అమ్మకు మరునాటి దాకా తెలివి రాలేదు. ఆమె కళ్లు తెరిచేసరికి వాణ్ని తీసుకుపోయి పూడ్చిపెట్టి, స్నానాలు చేసి, మగవాళ్లు ఇంటికి వచ్చేశారు.

ఇంటికి తెచ్చాక అమ్మ వెనక గదిలో గోడవైపు తిరిగి పడుకుంది. ఏడవలేదు. ఏడిస్తే అందరికీ కాస్త నెమ్మదించేదేమో, ఆమె ఏడవలేదు. పలకరిస్తే పలికేది కాదు. ముద్ద కలిపి నోటి దగ్గర పెడితే పెదవులు బిగించేది. కంచంలో పెట్టింది పెట్టినట్టే చీమలు పట్టేది. పచ్చి గంగ కూడా ముట్టని రోజులున్నాయి. ఇంత జరిగినా పాలు మాత్రం పడ్డాయి, తాగేవాడే లేడు. ఆ పాలు ఇంకిపోవాలని అవ్వ రోజూ మూరల కొద్దీ మల్లెపూలు తెప్పించి, కాన్పుకని కుదుర్చుకున్న మంత్రసాని చేత ఎదకు కట్టించేది. గదంతా ఆ వాసనే. నేను ఇవాళ్టికీ తలలో మల్లెపూలు పెట్టుకోను. ఇంట్లో వాళ్లు అడిగీ అడిగీ మానేశారు.

ఇక మా ఇంట్లో దాచడం మొదలైంది. ఊయల అటక మీదికి పోయింది. పాత చీరలు చింపి కుట్టిన పక్కగుడ్డలు మాయమయ్యాయి. తమ్ముడి మాట ఎత్తితే నాలుక కోస్తానని అవ్వ నన్ను పెరట్లోకి తీసుకుపోయి మరీ బెదిరించింది. చూడటానికి వచ్చిన ఆడవాళ్లు ఎండల గురించి మాట్లాడి, పప్పు ధరల గురించి మాట్లాడి, లేచిపోయేవాళ్లు. అమ్మకు నొప్పి కలగకూడదనే అందరి తాపత్రయం. నాకైతే మా ఇంట్లోకి ఎవరో ముక్కూ మొహం లేని మనిషి వచ్చి కూర్చున్నట్టుండేది. అందరూ అతన్ని దాటుకుని నడుస్తున్నారు గానీ ఎవ్వరూ చూడటం లేదు.

డాక్టరమ్మ ఇంటికొచ్చి చూసింది. అమ్మ కాళ్లు నొక్కి, కంటి రెప్పలు తీసి చూసి, బయట తిన్నె మీద కూర్చున్న నాయనతో అరవంలో నెమ్మదిగా చెప్పింది. ఇలాగే పస్తులుంటే ఇక తన చేతుల్లో ఏమీ లేదని, ఆసుపత్రిలో పెట్టి సూదులతో ఎక్కించినా తినాలనే మనసు ఆమెకే పుట్టాలని అన్నది. నేను తలుపు చాటున నిలబడి విన్నాను. అమ్మ కూడా పోతుందని నాకర్థమైంది. ఆ రోజు నుంచి రాత్రుళ్లు నేను అమ్మ గది గడప దగ్గరే పడుకున్నాను. లోపలికి పోనివ్వరు కదా. అది పురుటి గది. అందులోకి పోయినవాళ్లు తలకు పోసుకోకుండా బయట తిరగకూడదు. అక్కడికి పోయిన ఆకు, గిన్నె, చెంబు ఏదీ మళ్లీ వంటింటి గడప తొక్కకూడదు. మా అవ్వ మడి అంటే అంత మడి. పురుటి గదిలోకి అన్నం పెట్టాలన్నా గడప అవతలి నుంచి వంగి, గిన్నె తగలకుండా వడ్డించేది.

అలాంటి రోజుల్లో ఒక ఉదయం మా తాతయ్య మేట్టుపాళయం బస్సు దిగి గంప మోసుకుంటూ వచ్చాడు. ఆయన అక్కడి మండీలో కూరగాయల వ్యాపారి. ఎండాకాలం వస్తే కొండ మీది నుంచి పీచ్ పండ్లు ఆయన మండీకి దిగేవి. అమ్మ చిన్నప్పుడు మండీలో గోనెసంచుల మీద కూర్చుని దెబ్బ తగిలిన పండ్లన్నీ తినేసేదట. అన్నం వద్దని మొండికేసిన రోజున కూడా ఆ పండు చూపిస్తే దిగి వచ్చేదట. అదొక్కటే ఆశగా పెట్టుకుని పొద్దున్నే ఎండుటాకుల్లో పేర్చి తెచ్చాడు. గడప దగ్గర గంప దించి, ఆకులు తొలగించాడు. ఎరుపూ పసుపూ కలిసిన పండ్లు, మీద సన్నని నూగు.

అవ్వ చూడగానే కుదరదంది. బాలింతకు పండా? చలవ చేసి జన్ని కమ్మితే ఎవరు దిక్కు? ఉన్న ప్రాణం కూడా పోవాలా? తాతయ్య ఎంత బతిమాలినా వినలేదు. ఒక్క ముక్క, కేవలం ఒక్క ముక్క నోట్లో పెట్టనివ్వమని ఆయన చేతులు జోడించాడు. వియ్యపురాలికి చేతులు జోడించిన మగవాణ్ని నేను అంతకు ముందు చూడలేదు, తర్వాతా చూడలేదు. అవ్వ మొహం తిప్పుకుంది. ఆయన తిన్నె మీద కూలబడి కండువాతో మొహం కప్పుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. అవ్వ మీద నాకు ఎంత కోపమొచ్చిందో చెప్పలేను. ఆమె మొండితనానికి మా అమ్మ బలి అయిపోతోందని అనుకున్నాను. తర్వాత ఆలోచిస్తే, అవ్వ కూడా భయంతోనే వద్దన్నదని తెలిసింది. తాను చూసిన కాన్పుల్లో జన్ని కమ్మి పోయినవాళ్లు ఉన్నారు. ఆ భయం ఆమెను వదల్లేదు.

ఆ ఎండకు పండ్లు మరునాటికి ఆగవు. మధ్యాహ్నానికే గంప చుట్టూ ఈగలు ముసిరాయి. పక్కింటి అక్క, కాలేజీలో వంటా కుట్టూ చదువుకునే అమ్మాయి, సంగతి విని గోడ దగ్గరికి వచ్చింది. పచ్చి పండు పనికిరాకపోతే వండిన పండు పెట్టొచ్చు కదా, చిన్న చిన్న కేకులు చేసి మీద పండు ముక్కలు పెట్టి కాలిస్తే పండు కూడా ఉడికిపోతుంది కదా అని నెమ్మదిగా అన్నది. అవ్వ ఒక పండు తీసి నొక్కి చూసింది. గంపలోకి చూస్తూ నిలబడింది. తర్వాత శొంఠి వేస్తే చలవ విరుగుతుందా అని తనలో తను అనుకున్నట్టు అడిగింది. విరుగుతుందని అక్క చెప్పింది. ఆ అమ్మాయికేం తెలుసు పాపం, ఆ ఘడియకు ఏదో ఒకటి చెప్పాలి గనక చెప్పింది.

ఇక చూడాలి అవ్వ పరుగు. ముందు ఆ నూగు చూసి గొంగళిపురుగు నూగులా గొంతులో దిగబడుతుందని ఉప్పూ పసుపూ వేసి పండ్లను రుద్దడం మొదలుపెట్టింది. అక్క ఆపి, మరిగే నీళ్లలో ముంచి తీస్తే తొక్క దానంతటదే ఊడి వస్తుందని చూపించింది. గుడ్డు మాట అక్క ఎత్తనే లేదు, పుల్లమజ్జిగా సోడా ఉప్పూ చాలునంది. మైదా, వెన్న, చక్కెర కలిపారు. ఓవెన్ ఎక్కడిది మాకు? పెద్ద ఇనుప బాణలిలో ఇసుక పోసి పొయ్యి మీద పెట్టి, పైన మూత వేసి, మూత మీద నిప్పులు పరిచారు. పెద్ద గిన్నెలో పోస్తే ఇసుక వేడికి నడిమి పిండి ఉడకదని అక్క చెప్పింది. అవ్వకు దాంతో పని లేదు, ఆమె లెక్క ఆమెది. ఒక పెద్ద కేకులోంచి ముక్క కోసి పురుటి గదిలోకి పెడితే మిగిలింది ఏం చెయ్యాలి? విడివిడిగా ఉంటే ఒక్కొక్కటే పంపొచ్చు, మిగిలినవాటికి మైల ఉండదు. ఒకే కొలతలో ఉన్న చిన్న గిన్నెలు కావాలి. అవ్వ సామాన్ల గదిలోకి పోయి, చెక్కపెట్టె తెరిచి, రెండు చేతులా ఉగ్గుగిన్నెలు ఎత్తుకొచ్చింది.

ఈ ఉగ్గుగిన్నెల సంగతి చెప్పాలి. మా ఇళ్లల్లో బిడ్డ పుట్టే ముందే తల్లి పుట్టింటి నుంచి ఒక చిన్న ఇత్తడి గిన్నె వస్తుంది, పసిబిడ్డకు ఉగ్గు పట్టడానికి. ఇచ్చినవారి పేరు అంచు కింద చుక్కలు చుక్కలుగా కొట్టించి ఉంటుంది. ఒక్కో బిడ్డకు ఒక్కో గిన్నె. బిడ్డ పెరిగాక అది పెట్టెలోకి పోతుంది. మా నాయన గిన్నె, మా చిన్నాయన గిన్నె, నా గిన్నె, అన్నీ ఆ పెట్టెలోనే.

మొదటి వాయి పాడైపోయింది. పిండి పలుచనై పండు ముక్కలు అడుక్కి దిగి మాడిపోయాయి, పైన పచ్చిపిండి. అవ్వ ఆ గిన్నెలు నేల మీద పెట్టి, పొయ్యి ముందు కూర్చుని, తల మీద చెయ్యి వేసుకుంది. పొగకు కళ్లు మండుతున్నాయని చెప్పింది. పొగ కాదని నాకు తెలుసు. ఇది కూడా కాకపోతే ఇంకేం పెట్టాలో తెలియక ఆ మనిషి దిక్కులు చూస్తోంది. తాతయ్య గడప దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. లోపల అమ్మ దగ్గు కూడా వినిపించడం లేదు. అక్క ఆ గిన్నెలు తోమి, మళ్లీ పిండి గట్టిగా కలిపి, ఈసారి సగం కాలిన తర్వాత మూత తీసి పండు ముక్కలు పేర్చింది. మీద అవ్వ శొంఠిపొడీ చక్కెరా చల్లింది. కాసేపటికి వాసన ఇల్లంతా నిండింది. ఎన్నాళ్ల తర్వాతో ఆ ఇంట్లో మల్లెపూల వాసన కాక ఇంకో వాసన వచ్చింది.

పొద్దు వాలుతుండగా అవ్వ ఒక గిన్నె ఆకులో పెట్టుకుని పురుటి గది గడప దగ్గరికి వెళ్లింది. నేను వెనకే వెళ్లాను. అవ్వ గడప అవతల నుంచి వంగి ఆకును అమ్మ చేతికి దగ్గరగా జరిపింది. మీ నాయన తెచ్చిన పండు, ఉడికించి పెట్టినానని చెప్పింది. అమ్మ కదల్లేదు. చాలాసేపటికి, ఆ వాసనకేనేమో, ఇటు తిరిగింది. నెమ్మదిగా లేచి కూర్చుని గిన్నెను చేతిలోకి తీసుకుంది. వేడిగా ఉన్నందుకు చేతులు మార్చుకుంటూ తిప్పింది. అలా తిప్పుతూ ఆగిపోయింది. బొటనవేలితో అంచు కింద తడిమింది. మసి తుడిచింది. మళ్లీ తడిమింది.

అది తమ్ముడి గిన్నె. తాతయ్య ఆ మాఘమాసంలోనే చేయించి పంపిన కొత్త గిన్నె. అమ్మ కంట పడకూడదని అవ్వే దాన్ని తీసుకుపోయి పాత గిన్నెల మధ్య దాచింది. కంగారులో అన్నిటితో పాటు ఎత్తుకొచ్చింది. నిప్పుల మసికి పాతవీ కొత్తదీ ఒకటే రంగుకు వచ్చాయి. చుక్కల్లో కొట్టించిన తాతయ్య పేరు ఇంకా అరగని గరుకుతో అమ్మ వేలికి తగిలింది; నా గిన్నె మీది పేరు అప్పటికే నునుపెక్కింది.

అవ్వకు విషయం అర్థమైంది. ఆమె మొహంలో నెత్తురు చుక్క లేదు. నేను ఇక అంతా అయిపోయిందనుకున్నాను. ఆ గిన్నె లాక్కుని పరిగెత్తుదామని కూడా అనుకున్నాను గానీ గడప దాటకూడదు. అమ్మ ఆ గిన్నెను రెండు చేతులా పట్టుకుని, ఆ గది పట్టిన తర్వాత మొదటిసారి నోరు విప్పింది.

"అత్తా, వాడు ఎట్లుండె? నాకెవురూ చూపించలే."

ఎవరికీ తట్టని మాట అది. ఇన్ని రోజులూ ఆమె దగ్గర మేము వాడి పేరెత్తకుండా దాచాం. ఆమె కడుపులో దిగులంతా వాడి మొహం తెలియకపోవడమే. అడిగితే ఏమంటారోనని అడగలేక, గోడవైపు తిరిగి, తనకు తానే ఆ మొహాన్ని ఊహించుకుంటూ పడుకుంది. మాకేమో తిండి మీద ధ్యాస.

అవ్వ గడప దాటింది. మడి చీరతోనే దాటింది. పోయి అమ్మ పక్కన, ఆ చాప మీద కూర్చుంది. ఆమె గొంతు అట్లా ఉండగా నేనెప్పుడూ వినలేదు, అమ్మను అరవంలో బిడ్డను పిలిచినట్టు అమ్మణీ, కన్నూ అని ముద్దుగా పిలవడమూ వినలేదు.

"నీ నాయన ముక్కు, అమ్మణీ. నెత్తి నిండా జుట్టు. వేళ్లు ఇంతింత పొడుగు. నా ఒళ్లోనే ఉండె పొద్దుగూకిందాకా. ఏడ్వలే కన్నూ, కళ్లు తెరిచి నా దిక్కు చూసె. నేనే నీళ్లు పోసి, బొట్టు పెట్టి పంపినా."

అమ్మ ఏడ్చింది. ఇంటి పెంకులు లేచిపోయేలా ఏడ్చింది. తాతయ్య పరుగున వచ్చి గడప దగ్గర ఆగిపోయాడు. అవ్వ ఆమెను ఆపలేదు, ఊరుకోమనలేదు. ఒళ్లోకి లాక్కుని వీపు నిమురుతూ ఉండిపోయింది. ఏడుపు కాస్త తెరిపిచ్చాక నన్ను పిలిచి పొయ్యి దగ్గరున్న మిగతా గిన్నెలు కూడా తెమ్మంది. పురుటి గదిలోకి తెమ్మంటోంది. నా చెవులను నేనే నమ్మలేదు. పళ్లెంలో పెట్టి తెచ్చాను. అవ్వ వాటిలోంచి బాగా అరిగిపోయిన గిన్నెలు రెండు ఏరి అమ్మ ముందు పెట్టింది.

"ఈ రెండూ నావి. నీ మొగునికి ముందు పుట్టినోళ్లవి. కరిగించెయ్యమంటిరి అందరూ. నేనియ్యలే. నన్ను కూడా ఎవురూ ఏమీ అడగలే, అమ్మణీ. ఇంతవరకూ అడగలే."

అమ్మ ఆమె వంక చూసింది. తర్వాత అడిగింది. వాళ్లెట్లా ఉండేవాళ్లని అడిగింది. అవ్వ చెప్పింది. మొదటిది ఆడపిల్లట, గడ్డం మీద సొట్ట ఉండేదట. రెండోవాడు కొన్ని నెలలు బతికాడట, దీపం చూసి నవ్వేవాడట. మా నాయనకు కూడా తెలియని సంగతులు. అవ్వ చెప్తూ చెప్తూ మధ్యలో ఆగి కళ్లు తుడుచుకునేది, అమ్మ ఆమె మోకాలి మీద చెయ్యి వేసి ఊఁ అనేది. అట్లా వింటూనే అమ్మ తమ్ముడి గిన్నెలోంచి కేకు తుంచి నోట్లో పెట్టుకుంది. నమిలింది. మింగింది. తాతయ్య తలుపు పట్టుకుని నిలబడి ఆమె గొంతు వంకే చూస్తున్నాడు. సగం తిని, ఇక చాలు అన్నట్టు మిగతాది గిన్నెతో సహా అవ్వ వైపు చాపింది. బాలింత ఎంగిలి అది. అవ్వ తీసుకుని తినేసింది. గిన్నె అడుగున అంటుకున్న పండు కూడా వేలితో తుడుచుకుని తిన్నది.

అమ్మ ఒక్కసారిగా కోలుకోలేదు. అట్లా జరుగుతుందని ఎవరైనా రాస్తే నమ్మకండి. మరునాడు రెండు ముద్దలు, ఆ మరునాడు కొంచెం చారన్నం. చాలా రోజులు పట్టింది. కానీ గోడవైపు తిరిగి పడుకోలేదు. అవ్వ ఆ రాత్రి తలకు పోసుకుందో లేదో నాకు గుర్తు లేదు. కేకులు మాత్రం మళ్లీ ఎప్పుడూ చెయ్యలేదు, మేము అడగనూ లేదు.

నాకిప్పుడు అవ్వ వయసు దాటింది. చావు జరిగిన ఇంటికి పోతే, ముఖ్యంగా పసిబిడ్డ పోయిన ఇంటికి పోతే, నేను ధైర్యం చెప్పను. నాకు చేతకాదు. తినమని బలవంతం పెట్టను. తల్లి పక్కన కూర్చుని, బిడ్డ ఎట్లా ఉండేదమ్మా అని అడుగుతాను. పక్కనున్నవాళ్లు నన్ను గుడ్లురిమి చూస్తారు. ఈ ముసలిదానికి బుద్ధి లేదని గొణుగుతారు. ఒకసారి ఒకామె భర్త నన్ను లేచి వెళ్లిపొమ్మన్నాడు, వెళ్లిపోయాను. అయినా అడగడం మానలేదు. మా కింది అంతస్తులో ఒక అమ్మాయికి పోయిన సంవత్సరం నెలలు నిండకుండానే బిడ్డ పుట్టి పోయింది. నేను అడిగేసరికి ఆ పిల్ల చేతిలో పని పక్కన పెట్టింది. తర్వాత లేచి, తలుపు దగ్గరగా వేసి వచ్చి, నా పక్కన కూర్చుని చెప్పడం మొదలుపెట్టింది.